ఉప్పు కొనని నెల

గుండ్లకమ్మ ఒకే ఏట రెండుసార్లు పొంగి, కంభం చెరువు అలుగు దూకిన ఏడు జరిగింది ఇది. మొదటి పొంగు చేలను తీసుకపోయింది. రెండో పొంగు మార్కాపురం పల్లపు కాలనీల్లో మేడలు కట్టుకున్నోళ్ల వాకిళ్లను తిరగేసి పోయింది. పాలెంలో అందరూ ఆ నీళ్లను తిట్టుకున్నారు. యోబు ఒక్కడే తిట్టలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మేరీ సంగతి చెప్పాల.

యోబుది పెద్దారవీడు పక్కన పాలెం. వయసు డెబ్బై దాటింది. నలభై ఏండ్లు పలక గనిలో రాయి చీల్చినాడు. చదివింది మూడో తరగతి. మాట బహు తక్కువ. "యోబును మాట్లాడించేదాని కంటే బండను చీల్చేది సులువు" అని గనిలో అనుకునేవాళ్లు. ఇంట్లో అతని మాటలు కూడా భార్య మేరీనే మాట్లాడేది. ఆమె పోయి ఆరేండ్లు. బిడ్డలు ముగ్గురూ పెండ్లిళ్లయి వేరే ఊర్లలో ఉండారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కోళ్లు తప్ప ఎవురూ మాట్లాడరు.

మేరీకి చదువు రాత్రి బడిలో అబ్బింది. ముగ్గురు పిల్లల తల్లయినాక అక్షరాలు దిద్దుకుంది. దిద్దుకున్న కాడి నుంచి ఆమెకు అక్షరమంటే ప్రాణం. చిల్లర దుకాణంలో పొట్లం కట్టిన కాగితం కాలికి తగిలినా వంగి కండ్లకద్దుకునేది. గనిలో వాడుకా అదే. పలక మీద ఎవురూ కాలు పెట్టరు. దారిలో ముక్క పలక పడి ఉన్నా పక్కకు జరిగి పోతారు. పిల్లలు దిద్దుకునే రాయి, తొక్కితే బిడ్డలకు చదువు రాదని.

గనిలో ఒక్కో బండ మొండిది తగుల్తుంది. ఎన్ని దెబ్బలేసినా పలకలుగా చీలదు. మేస్త్రి దాన్ని అవతల పారేయిస్తాడు. యోబు సాయంత్రం అట్లాంటి బండను నెత్తిన పెట్టుకోని ఇంటికి తెచ్చేవాడు. మూరెడు వెడల్పు, రెండు వేళ్ల మందం. మేరీ దాని మీద బలపంతో ఒక మాట రాసేది. తక్కువతో ఇల్లెట్ల గడపాలో, ఆ మాట. అది చెరిగిపోతుందని యోబు మేకు పెట్టి, సుత్తితో అక్షరం వెంబడి అక్షరం గీసేవాడు. కింద ఆమె పేరు, ఏడు. ఆమెకు అంకెలు సరిగా కుదిరేవి కావు. ఏడును వానతో లెక్కపెట్టేది. 'వంతెన కొట్టుకపోయిన ఏడు.' 'చుక్క పడని ఏడు.' 'గొర్రెలు కొట్టుకపోయిన ఏడు.'

అట్ల ముప్పై రెండు బండలయినాయి. వంటింటి గోడకు వరసగా ఆనించి ఉండేవి. పాలెం ఆడోళ్లు నిప్పుకని వచ్చి, పిండికని వచ్చి, ఒక బండ చదువుకోని పోయేవాళ్లు. చదువు రానోళ్లకు మేరీ చదివి వినిపించేది.

మేరీకి ఒక తమ్ముడు, ప్రభుదాస్. తల్లి పోయేటప్పటికి వానికి అయిదేండ్లు. మేరీ పెండ్లయి యోబు ఇంటికొస్తా వాన్ని చంకనేసుకోని వచ్చింది. ఆ ఇంట్లోనే పెరిగినాడు, ఆ ఇంటి కూడే తిన్నాడు, మార్కాపురంలో డిగ్రీ చదివినాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినాడు. మార్కాపురంలో మేడ కట్టినాడు. ఇప్పుడు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకోని ఊరూరా తిరిగి, సాదాగా ఎట్ల బతకాలో జనానికి చెప్తాడు. ఫోన్లలో గూడా వస్తాడు.

మేరీ పోయిన మూడేండ్లకు యోబు మట్టిల్లు కూలగొట్టి, కాలనీ ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడు ప్రభుదాస్ కారులో వచ్చినాడు. వెనకాల ట్రాలీ ఆటో.

"బావా, అక్క రాతలు మట్టిలో కలిసిపోతే మన తప్పు. నేను తీసుకపోయి అచ్చు వేయిస్తా. మీద అక్క పేరు పెడదాం. దేశమంతా చదువుతారు" అన్నాడు.

యోబు ముప్పై రెండు బండలూ తనే మోసి ఆటోలో పెట్టినాడు. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యన గడ్డి పెట్టినాడు. ఆటో పోయేదాకా నిలబడినాడు.

తర్వాత ఎప్పుడడిగినా ఒకటే మాట. "ప్రెస్సులో ఉండాయి బావా. హైదరాబాదు గదా, ఆలస్యమైతది."

ఆ ఏడు మొదటి పొంగుకు పాలెంలో మిరప పోయింది, పత్తి పోయింది. కూలి లేదు. ఒకరోజు పొరుగింటి రూతమ్మ గోడ మీదుగా అన్నది.

"యోబన్నా, మేరక్క బండలుంటే ఎంత బాగుండేదో! ఉన్నదాంతో ఎట్ల లాక్కురావాల్నో అందులో చదువుకునేవాళ్లం. నువ్వేమో మీ బామ్మర్దికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటివి."

యోబుకు ఆ మాట ముల్లులాగ దిగబడింది. మర్నాడు బస్సెక్కి మార్కాపురం లైబ్రరీకి పోయినాడు. జీవితంలో మొదటిసారి. లోపల బల్ల కాడ జాహ్నవి అనే అమ్మాయి కూర్చోనుంది. చెప్పులు బయటే విడిచి, టవలు చంకలో పెట్టుకోని నిలబడినాడు.

"ఏం కావాల పెద్దాయనా?"

"తక్కువతో బతికే సంగతి... రాసిన పుస్తకముందా అమ్మా?"

ఆ పిల్ల నవ్వింది. "ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. ఒకటుంది, చాలా బాగుంటది. మన మార్కాపురం ఆయనే రాసినాడు. కానీ మీకు కార్డు లేదే."

యోబు తల వంచుకోని నిలబడినాడు. పొమ్మంటే పోతాడు, అడగడు. ఆ పిల్లకే జాలేసింది.

"నా కార్డు మీద ఇస్తా. పోగొట్టొద్దు సుమా."

"పోదు."

అట్ట మీద మట్టికుండ బొమ్మ. దాని కింద ప్రభుదాస్ బొమ్మ. అబద్ధం గాదు, వీడు అచ్చు వేయించినాడు! బస్టాండులో అరుగు మీద కూర్చోని అక్కడే తెరిచినాడు. యోబు చదువు నడిచే చదువు గాదు, దోగాడే చదువు. వేలు పెట్టి, పెదాలు కదిపి, ఒక్కో అక్షరాన్ని పట్టుకోని పోవాల. అయినా మొదటి మాట చదవంగానే మేరీ గొంతు వినబడింది.

'దీపం ఆర్పినాక మాట్లాడుకోవచ్చు. మాటలకు కిరసనాయిలు అక్కర్లేదు.'

బస్సు వచ్చింది, పోయింది. యోబు లేవలేదు. ఇంకొక పేజీ. 'చీర చినిగితే దుప్పటికి, దుప్పటి చినిగితే మసిగుడ్డకు, మసిగుడ్డ చినిగితే దీపం ఒత్తికి. వెలుగిచ్చినాకే చీర చచ్చేది.' ఇంకొకటి. 'కొనాలనిపిస్తే మూడు రోజులు ఆగు. నాలుగో రోజు ఆ వస్తువు పేరు గుర్తుంటే కొను.' ఎంత మంచి చదువు! ఆరేండ్లకు ఇంట్లో మనిషి మాట్లాడినట్టయింది యోబుకు.

నాలుగు రోజులు చదివినాడు. పొయ్యి కాడ, కోళ్ల గూటి కాడ, చెట్టు నీడన. చదివే కొద్దీ ఒకటి వెతుకుతా పోయినాడు. మేరీ అనే పేరు. మొదటి పేజీలో లేదు. ప్రతి మాటకు ముందర 'నేను కనుక్కున్న పద్ధతి' అని ఉంది, 'నా అనుభవంలో తేలింది' అని ఉంది. చివర పేజీలో ఉంటదేమోననుకున్నాడు. చివర పేజీలో ప్రభుదాస్ ఫోన్ నెంబరుంది.

మేరీ లేదనుకున్నాడు. ఉంది. ఏడో అధ్యాయంలో ఉంది, పేరు లేకుండా.

'పొదుపు వేరు, పిసినారితనం వేరు. మా పాలెంలో ఒకావిడ ఉండేది. డబ్బు మీద ఆశతో నెల పొడుగునా ఉప్పు కూడా కొనకుండా చప్పిడి సంగటి తినేది. అట్లా కడుపు మాడ్చుకొని చివరికి రోగంతో పోయింది. అలాంటి బతుకు మనకొద్దు.'

యోబు వేలు అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివినాడు. తప్పు చదివినానేమోనని మూడోసారి చదివినాడు. తప్పు చదవలేదు.

ఆ ఉప్పు సంగతి యోబుకు ఎరుకే. అది కూడా ఒక బండ మీద ఉంది. తనే గీసినాడు. వీడు ముప్పై ఒక్క బండలు చదివి, ఆ ఒక్కటీ చదవకుండా ఉంటాడా? చదివినాడు. చదివే రాసినాడు.

పుస్తకం మూసి, పాత పంచెలో చుట్టి, తీసుకపోయి జాహ్నవికి ఇచ్చినాడు.

"బాగుందా పెద్దాయనా?"

"మాటలు బాగుండాయి" అన్నాడు యోబు.

ఇంటికొచ్చి మేకు తీసి సానరాయి మీద నూరినాడు. ఎందుకు నూరినాడో తనకే తెలియదు. గనిలో పని చేసినోనికి కోపమొస్తే చెయ్యి ఊరికే ఉండదు. పోయి మెడ పట్టుకుందామనుకున్నాడు. పట్టుకోని ఏమడగాల? అడిగేదానికి మాట రావాల గదా. ప్రభుదాస్ బతుకే మాటలు. వానితో మాటల్లో గెలిచేదానికి మేరీ లేదు. నిండా పదిరోజులు లోపలే ఉడికినాడు. సంగటి సయించలేదు.

అప్పుడు రెండో పొంగు వచ్చింది.

నీళ్లు తగ్గినాక నాలుగో రోజు రూతమ్మ ఫోన్ పట్టుకోని పరుగెత్తుకోనొచ్చింది. "నీ బామ్మర్ది, అన్నా!"

"బావా, బాగున్నావా?" ఫోన్లో ప్రభుదాస్ గొంతు తేనె పూసినట్టుంది. "మా వాకిట్లో బాట అంతా లేచిపోయింది. ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం. ప్రాణాలు దక్కినందుకు ఒకటి, నా పుస్తకం రెండోసారి అచ్చయినందుకు ఒకటి. ఒంగోలు నుంచి పెద్ద పెద్దోళ్లు వస్తున్నారు. నువ్వొచ్చి ఆ బండలు మళ్లీ పరిచిపో. మనిషివి నువ్వుండంగా కూలోళ్లెందుకు? దుబారా గదా."

యోబు ఫోన్ రూతమ్మకు ఇచ్చేసినాడు.

"ఏమన్నాడు?"

"రమ్మన్నాడు."

"పోతావా?"

"పోతా."

గురువారం పొద్దున తాపీ, గడ్డపార, సుత్తి గోతంలో వేసుకోని పోయినాడు. గేటు నుంచి వరండా దాకా ముప్పై అడుగుల బాట. దానికి రెండు పక్కలా మోకాలు దిగే బురద. బాట బండలు కొన్ని మట్టిలో కూరుకుని ఉండాయి, కొన్ని లేచి నిలబడినాయి. యోబు మొదటి బండ కిందకు గడ్డపార పోనిచ్చి తిప్పినాడు. బోర్లా పడున్న బండ వెల్లకిలా పడింది. బురద కారిపోతా ఉంటే లోపల నుంచి గీతలు తేలినాయి. అరచేత్తో తుడిచినాడు.

'పొదుపు మన నోటికాడ చెయ్యాల, బిడ్డల నోటికాడ గాదు. బిడ్డ కంచంలో మిగిలించేది పొదుపు గాదు, దొంగతనం. మేరీ. చుక్క పడని ఏడు.'

యోబు బురదలోనే కూలబడినాడు. ప్రెస్సు లేదు, హైదరాబాదు లేదు. మూడేండ్లుగా వీడు ఆమె మాటలను బోర్లేసి, చెప్పుల కాళ్లతో వాటి వీపు మీద నడుస్తా ఉన్నాడు.

"ఏం బావా, అప్పుడే అలిసిపోయినావా?" ప్రభుదాస్ వరండాలో కాఫీ గ్లాసుతో నిలబడి నవ్వినాడు. తర్వాత బండ వైపు చూసినాడు. నవ్వు పోయింది. మెల్లగా అన్నాడు. "అదే... ప్రెస్సోళ్లు పని అయిపోయిందని పంపించినారు బావా. మంచి రాయి, పారేస్తే దుబారా అని వేయించినా. మళ్లీ అట్లనే బోర్లేసి పరువు. పైకి నున్నగా కనబడాల."

యోబు తలెత్తి చూసినాడు. తల ఊపినాడు.

మూడో తరగతి మనిషి, అక్క రాసిన గీతల వెంబడి మేకు దించినాడు గానీ ఏం రాసుందో వీనికేం తెలుసు, చూసినా నోరు తెరిచి అడగడు అనుకున్నాడు ప్రభుదాస్. తన పుస్తకం యోబు చదువుతాడని కలలో గూడా అనుకోలేదు. లోపలికి పోయినాడు.

యోబు బండలన్నీ ఎత్తి, గోడ నీడన పేర్చుకోని లెక్క చూసుకున్నాడు. ముప్పై రెండూ ఉండాయి. ఉప్పు బండను వేరే పెట్టినాడు. మనసులో మేరీతో ఒక మాట నడిచింది. మేరీ ఉంటే వద్దనేది. 'పోనీలేయ్యా, తమ్ముడు గదా' అనేది. కానీ మేరీ లేదు గదా. ఉన్నది యోబే.

ఇసుక తెప్పించుకున్నాడు. బాటను చదును చేసి, ఇసుక పరిచి, ఒక్కొక్క బండనూ అక్షరాలు పైకి వచ్చేటట్టు పెట్టినాడు. గేటు వైపు నుంచి వచ్చే మనిషికి చదివేదానికి వీలుగా. పెట్టిన బండ మీద పెట్టినట్టే రెండు వేళ్ల ఎత్తు ఇసుక పోసి కప్పుకుంటా వచ్చినాడు.

సాయంత్రానికి వరండా మెట్టు కాడికి వచ్చి ఆగినాడు. ప్రభుదాస్ భార్య స్టెల్లా మంచినీళ్లు తెచ్చింది. ఆమె ఒంగోలు పిల్ల, పాలెం సంగతులు తెలియవు.

"అన్నా, ఇంకేమైనా కావాలా?"

"అర తట్ట సిమెంటు, అమ్మా."

"సిమెంటెందుకన్నా? అంతా ఇసుకలో పెడుతున్నావుగా?"

"మెట్టు కాడిది గట్టిగుండాల. కదలగూడదు."

ఆమె తెప్పించింది. యోబు గట్టిగా మాలు కలిపి, ఉప్పు బండను మెట్టు కిందనే దాంట్లో కూర్చోబెట్టినాడు. చుట్టూ తాపీతో నొక్కి నొక్కి పూసినాడు. దాని మీద ఒక గోతం తడిపి కప్పి, ఇసుక పోసినాడు.

ప్రభుదాస్ వచ్చి చూసినాడు. అంతా ఇసుకే.

"ఈ ఇసుక ఊడ్చొద్దా బావా?"

"ఆదివారం దాకా తియ్యొద్దు. బండలు కుదురుకోవాల. ఆ పొద్దు నేనే వచ్చి కడుగుతా. అందాకా వెనక తలుపున తిరుగు."

"అయ్యో, నువ్వు గాబట్టి! ఇంకొకడైతే ఎంత లాగేవాడో" అన్నాడు ప్రభుదాస్. యోబు అంత పొడుగు మాట ఒకేసారి మాట్లాడడం తను ఎన్నడూ వినలేదని వానికి తట్టలేదు.

ఆదివారం యోబు ఇంట్లో సంగటి చేసుకోని కడుపునిండా తిన్నాడు. అది కూడా మేరీ మాటే. 'ఉన్నోళ్ల ఇంటికి ఆకలితో పోవద్దు. తిని పో. అప్పుడు వాళ్లేం పెట్టినా కంటికి ఆనదు.' తొమ్మిది గంటలకు మార్కాపురం చేరినాడు. లోపల వంటలు గుమగుమలాడుతా ఉండాయి. ప్రభుదాస్ పైన గదిలో తయారవుతున్నాడు. యోబు వాకిలంతా ఊడ్చి, ఇసుకను తట్టలకెత్తి అవతల పోసినాడు. బక్కెట్లతో నీళ్లు కొట్టినాడు. బండలు నల్లగా నిగనిగలాడినాయి. నీళ్లు ఆరంగానే గోతంలో నుంచి సున్నపు పిండి తీసి ఒక్కొక్క బండ మీద చల్లి, తడిగుడ్డతో పైపైన తుడిచినాడు. గీతల్లో సున్నం నిలిచింది. బడిపిల్ల అప్పుడే బలపంతో రాసినట్టు ముప్పై రెండు బండల మీదా తెల్లటి అక్షరాలు లేచినాయి.

పని ముగించి, గోడ పక్కన గోతం మీద కూర్చున్నాడు.

పదిగంటలకు గేటు ముందర కార్లు ఆగినాయి. పాలెం నుంచి పాస్టరు ఇస్సాకు అయ్యగారిని, రూతమ్మను, ఇంకా కొందరిని ఆటోలో పిలిపించినాడు ప్రభుదాస్. పాలెమోళ్లు గూడా వస్తే బాగుంటదని. ఒంగోలు నుంచి వచ్చిన పెద్దాయన తెల్లటి పంచె కట్టుకోని ముందర నడుస్తున్నాడు. చేతిలో ప్రభుదాస్ పుస్తకం. గేటు దాటి ఒక కాలెత్తినాడు. దించబోయి ఆగినాడు.

"అరె! అక్షరాలున్నాయే!"

కాలు వెనక్కి తీసుకున్నాడు. వంగి చదివినాడు. "'కొనాలనిపిస్తే మూడు రోజులు ఆగు...' ఇది మీ పుస్తకంలోది కదా!" వరండాలోకి అప్పుడే వచ్చిన ప్రభుదాస్‌ను చూసి చెయ్యి ఊపినాడు. "ప్రభుదాస్ గారూ! మీ మాటలు రాళ్ల మీద చెక్కించి వాకిట్లో పరిపించారా? భలే ఆలోచనండీ!"

ప్రభుదాస్ కింద చూసినాడు. యోబు వైపు చూసినాడు. యోబు చూస్తానే ఉన్నాడు. ఆ ఒక్క గడియలో వాడు నిజం చెప్పి ఉంటే యోబు లేచి ఇంటికి పోయేవాడేమో. ప్రభుదాస్ నవ్వినాడు.

"అవును సార్. ఏదో... చిన్న ఆలోచన."

"ఏంది, నీ ఆలోచనా?" రూతమ్మ గేటు కాడి నుంచి గొంతెత్తింది. "ఒరే దాసూ, ఈ బండ మా మేరక్క వంటింట్లో చెంబుల కాడుండేది గదరా! దీని మూల పగిలింది నా రోకలి తగిలే గదా! కింద చూడయ్యా పెద్దాయనా, పేరు రాసుంది, చదువు!"

పెద్దాయన కండ్లద్దాలు సరిచేసుకున్నాడు. "మేరీ. వంతెన కొట్టుకపోయిన ఏడు... ఆ వంతెన పోయి ముప్పై ఏళ్లు దాటింది కదా?"

ఇస్సాకు అయ్యగారు ముందుకొచ్చినాడు. ముసలాయన, చెప్పులు విడిచినాడు. బండ మీద కాలు పెట్టలేదు. పంచె ఎగగట్టి పక్కనున్న బురదలోకి దిగినాడు. మోకాలి దాకా దిగబడతా, ఒక్కొక్క బండనూ వాక్యం చదివినట్టు పైకి చదువుతా నడిచినాడు. ఆయన వెనకాల రూతమ్మ, ఆమె వెనకాల పాలెమోళ్లు, అందరూ బురదలో. కాసేపాగి ఒంగోలు పెద్దాయన గూడా పంచె మడిచి దిగినాడు. పుస్తకం తెరిచి పట్టుకోని, ఒక్కో బండకు ఒక్కో పేజీ చూసుకుంటా. ఆయన మొహంలో మొదట ఆశ్చర్యముంది. సగం బాటకు వచ్చేసరికి అది లేదు.

మెట్టు కాడ ఇస్సాకు అయ్యగారు ఆగినాడు. చివరి బండ. చదివినాడు.

"'ఈ నెల ఉప్పు కొనలేదు. తమ్మునికి పరీక్ష ఫీజు కట్టినాం. వానికి రూతమ్మ ఇంట్లో చిటికెడు అడిగి వేసి పెట్టినా. మాకు చప్పిడే. పచ్చిమిరపకాయ కొరికితే ఉప్పు గుర్తుకు రాదు. మేరీ. గొర్రెలు కొట్టుకపోయిన ఏడు.'"

పెద్దాయన పుస్తకంలో పేజీలు తిప్పి ఏడో అధ్యాయం కాడ ఆగినాడు. చదువుకున్నాడు. తలెత్తి, "ఉప్పు లేని ఆవిడ ఈమేనా?" అన్నాడు.

స్టెల్లా వరండాలోకి వచ్చి భర్త పక్కన నిలబడింది. "ఏ తమ్ముడండీ? ఎవరి ఫీజు?"

ప్రభుదాస్ నోరు తెరిచినాడు. నలభై ఊర్లలో గంటలు గంటలు మాట్లాడిన నోరు. అందులో నుంచి గాలి తప్ప రాలేదు.

అప్పుడు యోబు లేచినాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ప్రభుదాసూ. అయ్యగారు మెట్టు కాడ నిలబడినాడు. దిగొచ్చి లోపలికి పిలుచుకో."

ప్రభుదాస్ మెట్టు దిగబోయినాడు. కింద అక్క రాత. కాలు గాల్లో ఆగింది.

"తొక్కు" అన్నాడు యోబు. "మూడేండ్ల నుంచి తొక్కుతానే ఉంటివి గదా. ఈపొద్దేంది కొత్త?"

అందరూ చూస్తా ఉండారు. ప్రభుదాస్ మెట్టు పక్కకు దూకినాడు. తెల్ల ప్యాంటు తొడల దాకా బురదలో దిగింది. ఒక బూటు లోపలే ఉండిపోయింది. దాన్ని లాగేదానికి వంగి రెండు చేతులూ ఊనినాడు. పాలెమోళ్లలో ఎవురో కిసుక్కున నవ్వినారు. రూతమ్మ నవ్వలేదు. "నా ఉప్పు తిన్నావు గదరా. అదన్నా రాసుకోకపోతివి" అన్నది.

ఇస్సాకు అయ్యగారు అక్కడే, బురదలో నిలబడే, కండ్లు మూసుకోని ప్రార్థన చేసినాడు. ఆ ప్రార్థనలో మేరీ పేరు మూడుసార్లు వచ్చింది. ఇంటాయన పేరు రాలేదు. ఒంగోలు పెద్దాయన చేతిలోని పుస్తకాన్ని వరండా గట్టు మీద పెట్టి, వచ్చిన దారినే కారెక్కినాడు. పాలెమోళ్లు ఆటో ఎక్కినారు. వంటలు వంటలుగానే ఉండిపోయినాయి. యోబు గూడా తినలేదు. ఆకలి లేదు.

మర్నాడు పొద్దున యోబు ట్రాలీ ఆటో మాట్లాడుకోని మళ్లీ వచ్చినాడు. గేటు తీసి ఉంది. గేటు వైపు నుంచి మొదలుపెట్టి, ఇసుకలో పెట్టిన బండలను గడ్డపార మొనతో సుతారంగా లేపినాడు. ఒక్కొక్కటి కడిగి, ఎత్తి, మధ్యన గడ్డి పెట్టి ఆటోలో నిలబెట్టినాడు. ముప్పై ఒకటి. బాట ఉన్న చోట గుంటలు మిగిలినాయి.

ప్రభుదాస్ వరండాలోకి వచ్చినాడు. నిద్ర లేని మొహం. లోపల స్టెల్లా ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతా ఉంది.

"బావా, అది గూడా తీసుకపో. ఈ మెట్టు కాడిది. నీకు దండం పెడతా."

"అది రాదు. సిమెంటు."

"పగలగొట్టి తీ."

"గీసింది నేను. పగలగొట్టేది నేను గాదు." యోబు గడ్డపారను మెట్టుకు ఆనించి నిలబెట్టినాడు. "ఇది ఈడనే పెట్టిపోతా. మీ అక్క నీ కోసం రాసిన రాయి ఇదొక్కటే. నీ ఇంటికి ఇదే గడప. పగలగొట్టుకుంటావో, తొక్కుకుంటావో, దినామూ దాటుకుంటావో, నీ ఇష్టం."

ప్రభుదాస్ గడ్డపార వైపు చూసినాడు. ముట్టుకోలేదు.

యోబు కొళాయి కాడికి పోయి బక్కెట్టు నింపుకోనొచ్చినాడు. సిమెంటు కొత్తది, ఇంకా గట్టిపడాల. వారం రోజులు తడి తగ్గగూడదు. బండ చుట్టూ ఒక్క చోట గూడా పొడి మిగలకుండా, నిదానంగా, బక్కెట్టు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోసినాడు.